సిగరెట్టు మానిన కెప్టెన్ల కోట్లు వాపసు ఇప్పించి, వారిని బైండోవరు చేయుట గురించి

తొండుపల్లి,
తేది 19–3–2012.

శ్రీయుత మండల తహసీల్దారు గారి సముఖమునకు,

పై గ్రామ నివాసి, లోగడ జొన్నలు పండించినవాడు, ప్రస్తుతం ఊరందరి అర్జీలు రాసిపెట్టువాడు అయిన మొగులయ్య, ఈసారి తన కోసమే రాసుకొనిన అర్జీ.

విషయం: తమ కార్యాలయపు బీరువాలో ఉన్న నారింజ రంగు కోట్లు వాపసు ఇప్పించుట, వాటిని వేసుకొను ఏడుగురు మైనరు బాలురను, వారితో పాటు నన్నును, ఇక మీదట పొగ ముట్టబోమని తమ ఎదుట పూచీకత్తు రాయించుకొని బైండోవరు చేయుట గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని మనవి చేసుకొనునది ఏమనగా, గడచిన గురువారం నాడు బెంగళూరు రోడ్డు మీద పోవలసిన తమ జీపు మా ఊరి సత్తయ్య గడ్డివాములో ముక్కు దూర్చి నిలబడుటకు కారకులైన ఏడుగురిలో ఎవడును దొంగ కాడు, తీవ్రవాది అసలే కాడు. వాళ్ళు సిగరెట్టు మానుతున్న పిల్లలు. ఎనిమిదోవాణ్ణి నేను, చుట్ట మానుతున్న ముసలివాణ్ణి. మానుతున్నవాడు రాసిన అర్జీ గనుక మధ్యలో గాడి తప్పినచో మన్నించగలరు. ఈ నాలుగు మాటలు రాసేలోపల నా చెయ్యి రెండుమార్లు జేబులోకి పోయి వచ్చింది. జేబులో వేయించిన చింతగింజలు తప్ప ఏమీ లేవు. చెయ్యికి ఆ సంగతి తెలుసు, అయినా పోతుంది.

1. పిల్లలకు పొగ అంటిన విధము:

మా ఊరికి ఆకాశంలో విమానాలు వచ్చినాయి, నేల మీద ట్యాక్సీలు వచ్చినాయి. విమానాలతో మాకు పేచీ లేదు. నా జొన్నచేను ఉన్న చోటనే ఇప్పుడు అవి దిగుతున్నాయి. ఒకప్పుడు అక్కడ పిట్టలను తోలలేక చచ్చినవాణ్ణి గనుక, ఇంత పెద్ద పిట్ట దిగుతుంటే నాకు నవ్వు వస్తుంది తప్ప కోపం రాదు. బర్రెలు కూడా తలెత్తి చూసుడు మానేసినాయి.

ట్యాక్సీ డ్రైవర్ల సంగతి వేరు. కిరాయి దొరికేదాకా వాళ్ళు మా తారాబాయి దుకాణం ముందు నిలబడతారు. ఊరికే నిలబడ్డ మనిషి ఏం చేస్తాడు? సిగరెట్టు ముట్టిస్తాడు. నల్ల కళ్ళద్దాలు, వేలికి గిరగిర తిరిగే తాళంచెవి, ముక్కులోంచి పొగ. అది చూసి మా ఊరి పదహారు పదిహేడేండ్ల పిల్లలకు మొగోడంటే గిట్లనే ఉండాలె అని నమ్మకం కుదిరింది. కళ్ళద్దాలు కొనలేరు, తాళంచెవి ఉన్నా కారు లేదు. విడి సిగరెట్టు ఒక్కటే వాళ్ళ చేతికి అందే ఎత్తులో ఉన్నది.

ఎయిర్‌పోర్టు ప్రహరీ గోడకు ఇవతల బండలున్నాయి. సాయంత్రమైతే ఏడుగురు ఆ బండల మీద వరుసగా కూర్చొని, దిగే విమానాలను చూసుకుంట తాగేవారు. దూరం నుంచి చూస్తే ఇటుకబట్టీ కాలుతున్నట్టు ఉండేది.

వాళ్ళలో పెద్దవాడు సత్తయ్య చిన్నకొడుకు శివ. ఇంటర్ మొదటి సంవత్సరం. ఒకనాడు వాళ్ళ లేగదూడ పలుపు తెంపుకొని ఉరికింది. శివ దాని వెంట ఉరికి, గట్టు దాటకముందే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని వంగిపోయినాడు. దూడ కూడా కొంచెం దూరంలో ఆగి వానిని జాలిగా చూసింది. ఆఖరుకు దాన్ని పట్టుకొచ్చింది వాని నాయనమ్మ ముత్తమ్మ. ఆమెకు కీళ్ళవాతం. పలుపు తెచ్చి మనవని చేతిలో పెట్టి, "గిది నీ మెడకు కట్టుకోరా. దూడనే నిన్ను మేపుకొస్తది" అన్నది.

అందరం నవ్వినం. శివ కూడా నవ్వబోయి దగ్గినాడు. అయ్యా, ఆ దగ్గు నాకు బాగా ఎరుక. రోజూ పొద్దున నా గొంతులోంచి వచ్చే దగ్గే అది. యాభై ఏండ్లు చుట్ట తాగితే నాకు వచ్చినది, వానికి మీసం రాకముందే వచ్చింది. ఈ అర్జీకి మూలం అదే. మిగతాదంతా నా వాగుడు. అయినా చదవగలరు.

2. చేసిన ప్రయత్నములు, అవి చెడిన వైనము:

సత్తయ్య కొడుకును కొట్టినాడు. కొట్టినప్పుడల్లా వాడు ఏడ్చి, ఏడ్పు ఆపుకోవడానికి బండల మీదికి పోయి ఇంకొకటి ముట్టించినాడు. సర్కారు వారు సిగరెట్టు పెట్టె మీద భయంకరమైన బొమ్మ వేయించినారు. చాలా మంచి ఏర్పాటు. కానీ మా వాళ్ళు విడిగా కొంటారు గనుక పెట్టె వాళ్ళ కంటనే పడలేదు. బొమ్మ చూసి భయపడ్డది తారాబాయి ఒక్కతే. ఆమె పాపం బీడీ కూడా ముట్టదు.

ఇట్లుండగా కార్తీకమాసంలో మా గురుస్వామి దశరథం ఏడుగురికీ అయ్యప్ప మాల వేసినాడు. అంతే. మంత్రం వేసినట్టు పొగ ఆగిపోయింది. చన్నీళ్ళ స్నానం, నల్ల బట్టలు, నుదుట గంధం. తారాబాయి దుకాణం ముందు నుంచి పోతుంటే ఆమెనే రెండు చేతులెత్తి "స్వామి శరణం" అనేది. కన్న తండ్రి సత్తయ్య కూడా కొడుకును "స్వామీ, బువ్వ తిన్నరా" అని అడిగినాడు. ఊరంతా సంబరపడ్డది. ఇగ పిల్లలు బాగుపడ్డరు అనుకున్నం.

కొండకు పోయి వచ్చినారు, మాల తీసినారు. మాల తీసిన పూటనే శంషాబాద్ బస్టాండు వెనుక ఏడుగురూ గుండ్రంగా నిలబడి ముట్టించినారు. వాళ్ళు దిగిన బస్సే నేనూ దిగినాను. శివ చెవి పట్టుకున్నాను.

"ఏందిరా గిది? గన్ని దినాలు లేనిది, ఇయ్యాల ఇంటిదాక గూడ ఆగలేకపోయినవా?"

"చెవిడిసిపెట్టు తాతా. అప్పుడు అందరు స్వామీ స్వామీ అన్నరు. మాల తీసినమో లేదో, బస్సుల కండక్టరు 'అరే, జరుగురా' అన్నడు."

"అంటే?"

"అంటే ఏముంది. స్వామి సిగరెట్ తాగితే బాగుండదు. అరేగాడు తాగితే ఎవనికేం నష్టం?"

అయ్యా, నేను బడికి పోయినవాణ్ణి కాను. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి చదివి అక్షరాలు నేర్చినవాణ్ణి. పొట్లం చింపిన చోట వార్త ఆగిపోయేది. మిగతాది నేనే ఊహించుకునేది. అందువల్ల నాకు ఊహ జాస్తి. శివ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లలను ఆపింది చన్నీళ్ళు కాదు, నల్ల బట్ట కాదు. పిలుపు. మనిషిని మంచి పేరు పెట్టి పిలిస్తే ఆ పేరు చెడగొట్టుకోవడానికి వానికే మనసొప్పదు.

తెల్లారి దశరథం ఇంటికి పోయి, "స్వామీ, వీళ్ళకు ఏడాది పొడుగునా మాల వేసెయ్యి" అన్నాను.

దశరథం చెవులు మూసుకున్నాడు. "మొగులన్నా, దేవునితోని పరాచికాలు వద్దు. నీకు గంత తహతహ ఉంటే నీ దీక్ష నువ్వే పెట్టుకో."

వాడు కోపంతో అన్నాడు. నేను సలహా కింద తీసుకున్నాను.

3. సదరు దీక్షను కనిపెట్టిన విధము:

దీక్ష అన్నప్పుడు బట్ట ఉండాలి, పిలుపు ఉండాలి. బట్ట కోసం ఆరాంఘర్ పోయినాను. అక్కడ చౌరస్తా పక్కన పాత సామాను అమ్మే సాయిబు ఒకాయన ఉన్నాడు. రోడ్డు పనులు అయిపోయినంక మిగిలిన టోపీలు, బూట్లు, తాళ్ళు కుప్పపోసుకొని కూర్చుంటాడు. నల్లది దేవునిది, కాషాయం సన్యాసులది, తెల్లది నాయకులది. ఇవేవీ మాకు వద్దు. కుప్పలోంచి నారింజ రంగు కోట్లు కనబడినాయి. చేతులు లేవు, ముందూ వెనుకా వెండి పట్టీలు. ఎండ తగిలితే కళ్ళు చెదురుతున్నాయి.

"తీస్కో చాచా," అన్నాడు సాయిబు. "గిది ఏస్కొని రోడ్డు మీద నిలబడితే లారీ గూడ ఆగుతది."

అమ్మేవాడు అట్లనే అంటాడు గద అని నేను పట్టించుకోలేదు. అయ్యా, నా జన్మలో ఒక వ్యాపారి నాకు చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దానినే నేను నమ్మలేదు.

ఇక పిలుపు. బండల దగ్గరే పంచాయితీ పెట్టినం. ఒకడు "సార్" అన్నాడు. వాళ్ళ లెక్కల సారు తాగుతాడట, కొట్టేసినం. ఇంకొకడు "లీడర్" అన్నాడు. ఏడుగురిలో ఏడుగురూ పడిపడి నవ్వినారు, అదీ పోయింది. అంతలో నెత్తి మీద నుంచి ఒక విమానం పోయింది. మాటలు వినబడలేదు. అది దిగినంక శివ అడిగినాడు.

"తాతా, గదాన్ని నడిపేటాయన సిగరెట్ తాగుతడా?"

"నడిపేటప్పుడు తాగడు. తాగనియ్యరు."

"ఆయనను ఏమని పిలుస్తరు?"

"కెప్టెన్ అంటరంట."

ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక పంచాయితీ అక్కర లేకపోయింది.

కోటు తొడిగే ముందు శివ ఒక పేచీ పెట్టినాడు. "అన్ని మంచిగనే ఉన్నయి గని, చుట్ట నోట్ల వెట్టుకొని మాకు దీక్ష ఇస్తవా? నువ్వు గూడ కోటు ఏస్కో."

అప్పుడు నా నోట్లో చుట్ట ఉన్నది. తీసి చూసుకున్నాను. సగం కూడా కాలలేదు. ఏడుగురూ చూస్తున్నారు. అది ఎంత మంచి చుట్ట అనేది ఇక్కడ వర్ణించడం అర్జీకి సంబంధించిన విషయం కాదు. కానీ చాలా మంచి చుట్ట. దాన్ని బండ మీద నలిపేసి కోటు తొడుక్కున్నాను. అప్పటి నుంచి నేనూ కెప్టెన్నే. ముసలి కెప్టెన్ అంటారు.

ఇంటింటికీ తిరిగి కట్టుబాటు చెప్పినాను. కోటు మీద ఉన్నంతసేపు వాళ్ళను ఎవ్వరూ అరే ఒరే అనరాదు, కెప్టెన్ అనాలి, 'మీరు' అనాలి. తారాబాయి సిగరెట్టు ఇయ్యరాదు. మనసు గుంజినప్పుడు వాళ్ళు చింతగింజ నోట్లో వేసుకొని ఎవరో ఒకరి ఇంట్లో పని అడగాలి. ఊరు నవ్వింది గాని ఒప్పుకున్నది. దశరథం కూడా ఒప్పుకున్నాడు. దేవుని పేరు లేదు గనుక ఆయనకు అభ్యంతరం లేదట.

మొదటి పొద్దు సత్తయ్య కష్టం చూడవలసింది. కొడుకును లేపడానికి వచ్చి, నోరు తెరిచి, మూసి, గొంతు సవరించుకొని, "కె... కె... కెప్టెనూ! జర లెవ్వుండ్రి. బర్రెకు గడ్డెయ్యాలె" అన్నాడు. శివ దిగ్గున లేచి గడ్డి వేసినాడు. వేసినంక గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడని ముత్తమ్మ నాతో చెప్పింది. ఆమె మాత్రం మొదటి దినం నుంచే తడుముకోలేదు. "మా కెప్టెన్‌కు ఇంకో రొట్టె ఎయ్యవే, విమానం నడపాలె" అని కోడలికి పురమాయించేది.

అట్లా అట్లా బండలు ఖాళీ అయినాయి. ఊర్లో గడ్డి మోయించుకొనుటకు, నీళ్ళు తెప్పించుకొనుటకు జనం కెప్టెన్ల కోసం ఎదురుచూడసాగినారు. చింతగింజల కోసం మాత్రం కొట్లాటలైనాయి. ఆ కొట్లాటలపై వేరే అర్జీ అవసరం లేదు, మేమే తీర్చుకున్నం. లేగదూడ మళ్ళీ ఒకసారి పలుపు తెంపింది. ఈసారి శివ దాన్ని గట్టు అవతల పట్టుకున్నాడు. రొప్పినాడు, నిజమే. కానీ పట్టుకున్నాడు. దూడ కూడా ఆశ్చర్యపోయింది.

4. గురువారం నాటి ఘటన, ఉన్నదున్నట్టు:

ఆ దినం ఏడుగురూ సైకిళ్ళ మీద శంషాబాద్ బయలుదేరినారు. మా ఊరి దారి పెద్దరోడ్డును కలిసే చోట బుచ్చయ్య మేకలు రోడ్డు దాటలేక నిలబడి ఉన్నాయి. బుచ్చయ్య, "కెప్టెన్లూ, జర చూడుండ్రి నాయినా" అన్నాడు. శివ రోడ్డు మీదికి పోయి చెయ్యెత్తినాడు.

ఆగినాయి, అయ్యా. లారీ ఆగింది, దాని వెనుక కార్లు ఆగినాయి, బస్సు ఆగింది. బుచ్చయ్య మేకలు తలలెత్తుకొని దొరసానుల లెక్క దాటినాయి. అంతటితో చెయ్యి దించితే ఈ అర్జీ లేదు. కానీ లారీ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి మర్యాదగా అడిగినాడు:

"అన్నా, రోడ్డు బందా? ఎటు పోవాలె?"

శివను అప్పటిదాకా దారి అడిగినవాడు లేడు. ఆ లారీ డ్రైవరు వాళ్ళ నాయన కన్నా పెద్దవాడు, వాణ్ణి అన్నా అన్నాడు. అడిగినాయనకు జవాబు చెప్పకపోతే కోటుకు మర్యాద కాదని వానికి తోచింది. కంగారులో వానికి గుర్తుకొచ్చిన దారి ఒక్కటే. మా ఊరి దారి. చూపించినాడు. మిగతా ఆరుగురు కెప్టెన్లు, కెప్టెన్ చూపించినాడు గద అని, అటే చూపించినారు.

నేను అప్పుడు ముత్తమ్మ అరుగు మీద కూర్చొని చింతగింజ కొరుకుతున్నాను. ముందు పైపుల లారీ వచ్చింది. మా ఊర్లో పైపులు వేస్తున్నారు కాబోలని సంతోషించినాను. వెనుక కార్లు వచ్చినాయి. ఆ వెనుక పెండ్లికి పోయే బ్యాండువాళ్ళ బండి వచ్చింది. వాళ్ళు ఇంత జనాన్ని చూసి పెండ్లి ఇక్కడే అనుకొని దిగి వాయించడం మొదలుపెట్టినారు. సందు ఆఖరున సత్తయ్య గడ్డివాము ఉన్నది. అక్కడ దారి అయిపోతుంది. బండ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

టై కట్టుకొన్న ఒకాయన పెట్టె గుంజుకుంట ముత్తమ్మ దగ్గరికి ఉరికి వచ్చినాడు. "అమ్మా, ఎయిర్‌పోర్టు గేటు ఎక్కడమ్మా?"

ముత్తమ్మ ప్రహరీ గోడను చూపించింది. "గీ గోడ అవతల్నే బిడ్డా. దుంకుతవా?"

ఆయన గోడ ఎత్తు చూసినాడు, పెట్టెను చూసినాడు. నిజంగానే దుంకేటట్టు ముఖం పెట్టినాడు. "ఆగు, నిచ్చెన తెప్పిస్త" అన్నది ముత్తమ్మ. నేను అడ్డుపడ్డాను. ఇది దయచేసి నా ఖాతాలో మంచి పని కింద రాసుకోగలరు.

ఆఖరున వచ్చింది తమ జీపు. ముందు ఆగిన కారును తప్పించబోయి గడ్డివాములోకి పోయింది. తమరు దిగినారు. తమ చొక్కా మీద, కళ్ళద్దాల మీద గడ్డిపోచలు. బ్యాండువాళ్ళు పెద్దమనిషి వచ్చినాడని పాట మార్చినారు. అప్పుడే సైకిళ్ళ మీద ఏడుగురూ వచ్చి బిగుసుకొని నిలబడినారు.

తమరు అడిగినారు: "ఎవరయ్యా మీరంతా? ఎవరిచ్చారు మీకు ఈ కోట్లు?"

శివ ఛాతీ విరిచి, "కెప్టెన్లం సార్" అన్నాడు.

"ఏ కెప్టెన్లు?"

"సిగరెట్ కెప్టెన్లం సార్."

తమ ముఖంలో ఆ క్షణం ఏం కనబడిందో ఇక్కడ రాయను. తమ వెంట జీపు దిగిన హెడ్ కానిస్టేబులు గారు మాత్రం "సిగరెట్ల స్మగ్లింగ్ సార్" అని తమ చెవిలో అన్నది నాకు వినబడింది. ఆ తరువాత కోట్లు విప్పించుట, మూట కట్టించుట, తమ కార్యాలయానికి పంపించుట జరిగినవి. తమరు చేసినది ముమ్మాటికీ న్యాయమే. తప్పు మాది. బండ్లన్నీ వెనక్కి మళ్ళినాయి. విమానం అందలేదని ఎవ్వరూ తిరిగి రాలేదు. సత్తయ్య గడ్డివాము కూడా బాగున్నది. బర్రెలు జీపు వాసన వస్తున్నదని ఒక పూట తినలేదు, అంతే.

5. ప్రస్తుత దుస్థితి:

అయ్యా, ఇక్కడి నుంచి నాకు నవ్వు తగ్గుతున్నది. కోట్లు పోయిన పూటనే ఊరు పాత నోరు తెరిచింది. "కోటే లేదు, కెప్టెన్ ఏందిరా" అన్నాడు సత్తయ్య. గొంతు సవరించుకోవలసిన పని లేకుండా "అరే" అన్నాడు. పాపం, అలవాటు.

నిన్న తారాబాయి కబురు పంపింది. పోయి చూస్తే శివ దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. తారాబాయి సిగరెట్ల డబ్బా మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నది.

"ఒక్కటంటె ఒక్కటే అక్కా."

"ఇయ్య. ఊరికి మాటిచ్చిన."

"ఊరే మాట తప్పింది గదనే!"

"ఊరు తప్పితే తప్పనియ్యి. నేను తప్పను. చింతగింజలు కావాలంటె ఉత్తగ తీస్కపో."

వాడు చరచరా బండల వైపు పోయినాడు. వెనుక నేను పోయినాను. నా కాళ్ళకు ఇప్పుడు కొంచెం ఊపిరి ఉన్నది గనుక అందుకోగలిగినాను. వాని చేతిలో ఒక సిగరెట్టు. ఎవరో ట్యాక్సీ డ్రైవరు ఇచ్చినాడట. ముట్టించలేదు. అగ్గిపెట్టె మాత్రం ఉన్నది.

"ముట్టియ్యలేదేందిరా?" అన్నాను. ఆ సిగరెట్టును చూస్తుంటే నాకే నోరూరుతున్నది, అబద్ధం ఎందుకు.

"చూస్తున్న తాతా."

"ఏం చూస్తున్నవు?"

"సర్కారే గుంజుకున్నదంటె మేము కెప్టెన్లం కాదన్నట్టే గద? ఊర్లె మనం ఉత్తగ ఆడుకున్నమన్నట్టే గద?"

అగ్గిపెట్టె అడిగినాను. ఇచ్చినాడు. సిగరెట్టు అడిగినాను. ఇయ్యలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు తాగుతవేమో" అన్నాడు. నిజంగానే ఆ అనుమానం నాకూ ఉండె.

6. కావున తమతో చేసుకొను విన్నపములు:

(అ) కోట్లు వాపసు ఇప్పించగలరు. రోడ్డువాళ్ళని జనం మళ్ళీ పొరబడకుండా వెండి పట్టీలు మేమే ఊడదీస్తాం. వీపు మీద "పొగ మానినవాడు, దారి అడగవద్దు" అని పెద్ద అక్షరాలతో నేనే రాస్తాను.

(ఆ) మమ్ములను బైండోవరు చేయగలరు. మైనర్లకు అది కుదరదని తమ అటెండరు గారు సెలవిచ్చినారు. చట్టం నాకు తెలియదు. కానీ ఈ మాట చెవిన పడ్డప్పటి నుంచి పిల్లల ఉత్సాహం చెప్పలేను. మా వైపు బైండోవరయ్యేది పేరున్న రౌడీలు. తహసీల్దారు గారి ముందు నిలబడి సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని వచ్చినవాణ్ణి ఊర్లో ఎవడు అరే అంటాడు? మాకు చట్టం అక్కరలేదు, ముద్ర చాలు. పూచీకత్తు మాటలు కూడా నేనే రాసి ఉంచినాను: "ఫలానా వాడనైన నేను ఇకమీదట సిగరెట్టు గాని, చుట్ట గాని, బీడీ గాని ముట్టబోనని, ముట్టిన యెడల తహసీల్దారు గారు స్వయంగా మా ఊరికి వచ్చి నలుగురిలో నన్ను 'అరే' అని పిలువవచ్చునని ఒప్పుకొని, బుద్ధిపూర్వకంగా రాసి ఇచ్చినది." మొదటి సంతకం నేను పెడతాను.

(ఇ) సంతకాలప్పుడు పిల్లలను గద్దించగలరు. రోడ్డు మీద చేసిన పనికి గట్టిగా గద్దించండి. వాళ్ళు పడతారు, పడాలి కూడా. కానీ 'మీరు' అని గద్దించండి. తమరిది కోస్తా వైపు మాట గనుక తమకు అది కష్టం కాదు. మా సత్తయ్యకే కష్టం.

పై మూడింటిలో ఏది కుదిరితే అది, మూడూ కుదిరితే మహాభాగ్యము. ఒక ముసలివాని తిక్క అని పక్కన పెట్టక, ఏడుగురి ఊపిరి సంగతి అని తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ పూటకు ఇంకా ముట్టించని
తమ విధేయుడు,
మొగులయ్య

తా.క.: అయ్యా, కవరు అంటించబోతుంటే శివ వచ్చినాడు. "నీ మోకాళ్ళతో ఎక్కడ పోతవు తాతా, నేను ఇచ్చొస్త" అన్నాడు. ఇది తమకు అందించి ఎదురుగా నిలబడ్డవాడు వాడే. సైకిలు మీద వచ్చినాడు. డ్రైవరు ఇచ్చిన సిగరెట్టు ఇంకా చొక్కా జేబులో ఉన్నది, తమకు కూడా కనబడుతుండవచ్చు. అగ్గిపెట్టె నా దగ్గర ఉన్నది గాని, అగ్గి శంషాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుంది.

సర్కారు ఆఫీసుల్లో మనుషులను తిప్పుతారని లోకం అంటుంది. తమ దగ్గర ఆ మాట లేదు. ఏ కాగితం ఇచ్చినా గంటలో తేల్చి పంపుతారని పేరు. అదే నా భయం. ఈ ఒక్క అర్జీకి తొందరపడవద్దని కాళ్ళు పట్టుకొని వేడుకుంటున్న. వాణ్ణి వరండా బెంచీ మీద కూర్చోబెట్టండి. అక్కడ పొగ తాగరాదని బోర్డు ఉన్నది, వాడు చదువుకున్నవాడు. మధ్యాహ్నం భోజనం వేళ అనండి. మూడింటికి ముద్ర కనబడుట లేదు అనండి. సాయంత్రం, రేపు రండి అనండి. రేపు వస్తే ఎల్లుండి అనండి. ఎన్ని దినాలు తిప్పగలిగితే అన్ని దినాలు తిప్పండి సారూ. వాడు రోజూ సైకిలు తొక్కుకుంట తమ దగ్గరికి వస్తడు. చేతులు కట్టుకొని కూర్చుంటడు. కూర్చున్నంతసేపు తాగడు.